ఎడమచేతి గీతలు

బుధవారం ఉదయం కనకరత్నం క్యారేజీ కింది గిన్నెలో కూర బదులు కుంకుడు రసం పోసుకుని పనికి వెళ్ళింది. ఎవరూ తెమ్మనలేదు. అడిగితే వద్దనేవాళ్ళే కాబట్టి ఆమె అడగలేదు.

బందరులో, ఐసు ఫ్యాక్టరీ దాటాక ఉన్న ఆ చిన్న యూనిట్‌లో తయారయ్యేది బొటనవేలి గోరంత ప్లాస్టిక్ పలక. చేతిలోకి తీసుకుంటే మామూలు గాజుముక్కలా ఉంటుంది. మైక్రోస్కోపు కింద పెడితే దాని నిండా వరసలు కట్టిన బుడగల్లా వెయ్యికి పైగా లెన్సులు కనిపిస్తాయి. అక్కడ పనిచేసేవాళ్ళు వాటిని కళ్ళు అంటారు. పలక వెనక చిన్న దీపం వెలిగిస్తే ఒక్కో కన్నూ ఒకే బొమ్మని, ఒకేచోట, గోడ మీద వేస్తుంది. వెయ్యి బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే బొమ్మగా ధగధగలాడతాయి. ఖరీదైన కార్ల తలుపు తియ్యగానే నేల మీద వెలుగు ముగ్గు పడుతుంది చూడండి, అందులో ఉండేది ఇలాంటి పలకే. అలాంటి కారు ఎక్కిన మనిషి ఆ యూనిట్‌లో ఒక్కరూ లేరు. అయినా కార్లకి పలకలు మాత్రం వీళ్ళ చేతులమీదుగానే వెళ్ళాలి.

కనకరత్నానికి యాభై రెండేళ్ళు. అందులో పాతికేళ్ళు చిలకలపూడి గిల్టు నగల పనిలో గడిచాయి. గొలుసులూ గాజులూ కుంకుడు రసంలో వేసి, అరిగిన మెత్తటి బ్రష్‌తో తోమి, చివర్న బొటనవేలితో ఒక్కసారి రాసి, ఇక చాలు అనడం ఆమె పని. ఆమెది పుర్రచేతి వాటం. మొదట్లో వెక్కిరించినవాళ్ళే తర్వాత పెళ్ళి సెట్లు వస్తే "రత్నం ఎడంచెయ్యి పడనియ్యండి" అని పక్కన పెట్టేవారు. యూనిట్ ఓనరు గోవర్ధనరావుగారు గుడివాడ నుంచి వచ్చి ఇక్కడ షెడ్డు వేసినప్పుడు, ఆ పేరు విని మరీ ఆమెను పిలిపించుకున్నారు. తయారైన పలకలు దుమ్ము లేకుండా తుడిచి, వెలుతురుకి పెట్టి, మంచీ చెడ్డా వేరు చెయ్యాలి. "మైక్రోస్కోపు కంటే ముందు మా కనకరత్నమ్మ చెప్పేస్తుందండీ" అని వచ్చిపోయేవాళ్ళందరికీ ఆయన చెప్పేవారు. ఆ మాట అన్న రోజున ఆమె ఇంటికి తిన్నగా వెళ్ళేది కాదు. నలుగురూ కనిపించే వీధిలోంచి, చుట్టు తిరిగి వెళ్ళేది.

అసలు సంగతి అచ్చు దగ్గర వచ్చింది. పలకలు పోసే అచ్చు ఒక నికెల్ బిళ్ళ. దాన్ని చేత్తో ముట్టుకోకూడదు. మంగళవారం సాయంత్రం దాని మీద పాలపొరలాంటిది కనిపించింది. అలాంటప్పుడు దాన్ని పెట్టెలో పెట్టి బెంగుళూరు పంపాలి. అక్కడివాళ్ళు శుభ్రం చేసి పంపేసరికి పది రోజులు. ఆ పది రోజులూ మెషీను ఖాళీ. సూపర్‌వైజరు మహేష్ తల పట్టుకుని కూర్చుంటే కనకరత్నానికి లోపల్లోపల నవ్వొచ్చింది. ఈ మాత్రం మసక తను జీవితంలో ఎన్ని వేలసార్లు వదలగొట్టలేదు! ఇంటికెళ్ళి కుంకుళ్ళు నానబెట్టింది.

అచ్చు ఉండే బీరువా తాళం రూతు దగ్గర ఉంటుంది. రూతు మెషీను నడిపే పిల్ల. ఇరవై ఆరేళ్ళు, ఊరు నాగాయలంక. బందరులో హాస్టల్లో ఉంటూ పనికి వస్తుంది. ఏడాది కిందట వచ్చినప్పుడు పలకని సన్నటి పట్టకారుతో ఎలా పట్టాలో, ఊపిరి తగలకుండా మొహం ఎంత దూరంలో ఉంచాలో నేర్పింది కనకరత్నమే.

"తాళం ఇలా ఇవ్వమ్మా, ఒక్కసారి చూసి పెట్టేస్తాను" అంది.

తాళం చేతులు మారితే పుస్తకంలో రాయాలి. రూతు పుస్తకం వైపు చూసి, మళ్ళీ ఈవిడ వైపు చూసి, "మీకు కూడా రాయాలా పిన్నీ" అని నవ్వి ఇచ్చేసింది.

మిగతావాళ్ళు ఇంకా రాలేదు. చేతులు కడిగే గదిలో కనకరత్నం అచ్చుకి పిడిలా ఉన్న చెవిని కుడిచేత్తో పట్టుకుంది. పట్టుకోవడానికి ఆ ఒక్క వైపే చెవి ఉంది. రసం నురగ తేలేదాకా గిలక్కొట్టి, ఎడమచేత్తో బ్రష్ తిప్పింది. నీళ్ళు పోసింది. తర్వాత గ్లౌజు తీసేసి బొటనవేలితో ఒక్కసారి రాసింది. పాలపొర పోయి బిళ్ళ అద్దంలా మెరిసింది. ఆ మెరుపు చూసి చాలా సంతోషపడి, బిళ్ళని బీరువాలో పెట్టేసి తాళం రూతుకి తిరిగిచ్చింది. సాయంత్రం దాకా ఎవరికీ చెప్పకుండా ఉండి, పలకలు బాగా వచ్చాక మహేష్ ఆశ్చర్యపోతుంటే అప్పుడు చెబుదామనుకుంది.

మహేష్ అచ్చు చూసి, పొర దానంతటదే పోయిందనుకుని మెషీనుకి ఎక్కించాడు. రోజంతా పలకలు పోశారు.

గురువారం పదిగంటలకి ఆ పలకల్లో ఒకటి దీపానికి బిగించి తెల్లగోడ మీద వెలుగు వేసి చూశారు. బొమ్మలో ఎక్కడా తునక పోలేదు. గీత కూడా లేదు. కానీ బొమ్మ మొత్తం వెలవెలబోయి ఉంది. ఇంకో పలక పెట్టారు. అదీ అంతే. కళ్ళలో కొన్ని దెబ్బతింటే ఇదే ఇబ్బంది. ఏది చెడిందో గోడ మీద తెలియదు, మొత్తం వెలుగే తగ్గిపోతుంది.

మహేష్ అచ్చు విప్పి మైక్రోస్కోపు కింద పెట్టి, ఫొటో టీవీ మీద వేశాడు. కళ్ళ వరసల మీదుగా సన్నటి గీతలు. ఒకటీ రెండూ కాదు, వందలు. అన్నీ ఒకే వంపు తిరిగి ఉన్నాయి.

కనకరత్నం టీవీకి ఇంకాస్త దగ్గరగా వచ్చింది. అవి బ్రష్ గీతలని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. గిల్టు మీద అలాంటి గీతల్నే మెరుపు అంటారు. ఇక్కడ అవే కళ్ళు పొడిచేశాయి.

గోవర్ధనరావుగారు గుడివాడ నుంచి పన్నెండింటికల్లా వచ్చేశారు. కారు దిగి సరాసరి టీవీ ముందుకొచ్చి నిలబడ్డారు. అచ్చు ఇక పనికిరాదు, కొత్తది రావడానికి నెలన్నర. పలకలు తీసుకునే కంపెనీవాళ్ళు కారణం రాసిమ్మంటున్నారు, ఎవరివల్ల జరిగిందో కూడా రాయాలట.

"ఎవరో శుభ్రంగా కూర్చుని తోమారు. ఎవరు?" అన్నారాయన.

వరసగా అందరి మొహాలూ చూసి, బీరువా వైపు తిరిగారు.

"తాళం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరేనండి" అంది రూతు. "కానీ నేను తోమలేదు సార్."

అంటూ రూతు కనకరత్నం వైపు చూసింది. నిందగా చూడలేదు. వరసలో తన వంతు అయిపోయి, తర్వాతివాళ్ళకి చోటిచ్చినట్టు చూసింది. కనకరత్నం గ్లౌజు వేళ్ళు ఒక్కొక్కటే సర్దుకుంటూ నిలబడింది.

"అమ్మా, పెద్దవారు మీరు చెప్పండి. మీకేమైనా తెలుసా?" అని గోవర్ధనరావుగారు ఆమెనే అడిగారు.

తెలియదండి అంటే సరిపోయేది. నేనేనండి అంటే ఇంకా బాగుండేది. కనకరత్నం నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"తాళం రూతు దగ్గరే ఉంటుందండి."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత నాలుగు రోజులూ ఆమెను కాల్చుకు తిన్నది అదే. అబద్ధమైతే నోరు జారిందని సర్దిచెప్పుకోవచ్చు. ఇది ఏరుకుని, తూచుకుని అన్న మాట.

రూతు తల దించుకుంది. మళ్ళీ ఎత్తలేదు. "రేపట్నుంచి రావద్దమ్మా" అని గోవర్ధనరావుగారు నెమ్మదిగానే అన్నారు. రూతు తెల్లకోటు విప్పి, మడతపెట్టి, కుర్చీ మీద పెట్టి వెళ్ళింది. వెళ్తూ గడప దగ్గర చెప్పులు వేసుకోవడానికి ఎంతసేపు పట్టిందో కనకరత్నం చూడకుండానే వింది.

యూనిట్‌లో ఒక బోర్డు ఉంది. రోజూ తొమ్మిదింటికి అందరూ దాని ముందు వరసగా నిలబడితే ముందురోజు తప్పులు మహేష్ చదువుతాడు. తప్పు, కారణం, పేరు. శుక్రవారం పొద్దున్న చదివాడు: "అచ్చు మీద గీతలు. అనుమతి లేకుండా తోమడం. రూతు." చదువుతున్నప్పుడు అతని కళ్ళు బోర్డు మీదనుంచి కదల్లేదు.

చదవడం అయ్యాక గోవర్ధనరావుగారు బీరువా తాళం తెచ్చి కనకరత్నం చేతిలో పెట్టారు. "ఇకనుంచి మీ దగ్గరే ఉంచండమ్మా. మీరైతే నాకు బెంగ ఉండదు" అన్నారు. ఆమె దాన్ని కోటు జేబులో వేసుకుంది. కూర్చున్నప్పుడల్లా తొడకి గుచ్చుకుంటోంది. అటు జేబులోంచి ఇటు జేబులోకి మార్చింది. అక్కడా గుచ్చుకుంది.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకున్నప్పుడు ఎవరూ రూతు ఊసెత్తలేదు. అమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నందుకు తనని తనే తిట్టుకుంది. ఎదురుగా కూర్చునే భవిత రోజూ తన కూర కాస్త వేసేది. ఆ రోజు గిన్నె మూత తియ్యకుండానే, ఫోనేదో వచ్చినట్టు లేచి వెళ్ళింది. కనకరత్నం పెరుగన్నం రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. కడుక్కుంటుంటే ఎడమచేతి బొటనవేలికి ఇంకా కుంకుడు వాసన ఉన్నట్టే అనిపించింది. సబ్బు పెట్టి మూడుసార్లు రుద్దింది.

శనివారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి భర్త బంగార్రాజు అరుగు మీద కూర్చుని గిల్టు గాజులు తోముతున్నాడు. పక్కన పళ్ళెంలో కుంకుడు నురగ. ఆమె ఆ పళ్ళేన్ని దూరంగా జరిపింది. చెప్పులు కూడా విప్పకుండా అక్కడే కూలబడి జరిగింది మొత్తం చెప్పేసింది. తాళం మాట మాత్రం వినీ వినబడకుండా అని, రెండోసారి చెప్పాల్సొచ్చింది.

బంగార్రాజు చేతిలో గాజు తిప్పుతూనే విన్నాడు. ఆ పిల్ల తాళం ఇచ్చినట్టు చెప్పలేదా అని అడిగాడు. లేదంది. కాసేపటికి గాజు నీళ్ళలో వేశాడు.

"నాగాయలంక బస్సు పొద్దున్న ఏడున్నరకి ఉంటుంది" అన్నాడు.

ఆదివారం ఆమె బస్టాండు పక్క కొట్లో బందరు హల్వా పొట్లం కొంది. బస్సు ఎక్కాక ఒళ్ళో పెట్టుకుని చూస్తే సిగ్గేసింది. పిల్ల అన్నం తీసేసి స్వీటు పట్టుకెళ్తోంది తను. చల్లపల్లి దాటాక కిటికీలోంచి పారేద్దామా అనుకుంది. మోపిదేవిలో పక్కన కూర్చున్నావిడ "చుట్టాలింటికా అండీ" అని అడిగితే అవునంది. పులిగడ్డ వంతెన మీద బస్సు వెళ్తుంటే ఏం చెప్పాలో మనసులో మొదట్నుంచీ చివరిదాకా కూర్చుకుంది. అవనిగడ్డ వచ్చేసరికి అంతా చెదిరిపోయింది.

రూతు వాళ్ళ ఇల్లు రొయ్యల షెడ్డు వెనక వీధిలో. చర్చి అప్పుడే అయినట్టుంది, తెల్లచీరల ఆడవాళ్ళు బైబిళ్ళు పట్టుకుని ఇళ్ళకు వెళ్తున్నారు. రూతు తల్లి అన్నమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. పేరు చెప్పగానే రెండు చేతులూ పట్టుకుంది. రొయ్యలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్ళ చివర్లు తెల్లగా నానిపోయి ఉన్నాయి.

"మీరేనా అమ్మా! మీ పేరు అనుకోని రోజు లేదండీ మా ఇంట్లో. పని నేర్పింది పిన్నిగారే, పిన్నిగారే అంటది."

లోపల కుర్చీ వేసి, కొంగుతో తుడిచి మరీ కూర్చోబెట్టింది. హల్వా పొట్లం కళ్ళకద్దుకుని తీసుకెళ్ళి బైబిలు పక్కన పెట్టింది. రూతు వంటింటి గుమ్మంలో నిలబడి, "రండి పిన్నీ" అంది. 

"దీన్ని కాస్త కోప్పడండమ్మా" అంది అన్నమ్మ టీ ఇస్తూ. "అంత మంచి పని, చేజేతులా పాడుచేసుకుని వచ్చింది. ముట్టుకోవద్దన్నదాన్ని ఎందుకు ముట్టుకున్నావే అంటే మాట్లాడదు. తప్పు చెయ్యకపోతే ఎందుకు తీసేస్తారండీ, ఊరికే తీసేస్తారా? మూడు రోజుల్నుంచి నేను తిడతానే ఉన్నాను. పాస్టరుగారి చేత కూడా చెప్పించాను, ఆ సారు కాళ్ళు పట్టుకోవే అని."

కనకరత్నం నోరు తెరిచింది. ఇప్పుడే చెప్పాలి, దీనికోసమే రెండు గంటలు బస్సులో కూర్చుని వచ్చింది. అన్నమ్మ ఆమె మొహంలోకి ఆశగా చూస్తోంది.

"మంచి పిల్లండి" అంది కనకరత్నం. "పనిమంతురాలు."

చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది. భోజనం చేసి వెళ్ళమంటే బస్సుందని లేచింది. రూతు సాగనంపడానికి వచ్చింది. రోడ్డు మీద పడవ మోటారు విప్పి బాగుచేసుకుంటున్నవాళ్ళని దాటేదాకా ఒకరి వెనక ఒకరు నడిచారు. బస్టాపు దగ్గర ఎవరూ లేరని చూసుకుని కనకరత్నం రూతు చెయ్యి పట్టుకుంది.

"తోమింది నేనే తల్లీ."

"తెలుసు కదా పిన్నీ. తాళం ఇచ్చింది నేనేగా" అంది రూతు. "నాకు తెలిసింది నాకు చెప్పడానికి ఇంత దూరం వచ్చారా?"

కనకరత్నానికి కళ్ళు నిండాయి. "మరి ఎందుకు చెప్పలేదమ్మా ఆ రోజు?"

"చెప్తే నమ్ముతారా? తప్పించుకోడానికి పెద్దావిడ మీదకి తోస్తోందంటారు. అయినా మీరే చెప్తారనుకున్నాను. ఇప్పుడు చెప్తారు, ఇప్పుడు చెప్తారని చూశాను." రూతు చెయ్యి విడిపించుకోలేదు, అలా అని పట్టుకోనూ లేదు. "ఒక్కటి అడుగుతాను. తెలీదండి అని ఊరుకోవచ్చు కదా. తాళం మాట ఎందుకన్నారు పిన్నీ?"

కనకరత్నం బస్సు వచ్చే వైపు చూసింది. భయపడ్డాను అందామనుకుంది. పేరు పోతుందని అందామనుకుంది. అవి ఆ పిల్ల ముందు అనడానికి నోరు రాలేదు.

"ఇంట్లో అమ్మ ముందు చెప్తారేమో అనుకున్నాను" అంది రూతు. "అక్కడా చెప్పలేదు."

బస్సు వచ్చింది. రూతు చెయ్యి ఊపలేదు. బస్సు మలుపు తిరిగేదాకా మాత్రం అక్కడే నిలబడి ఉంది.

సోమవారం తొమ్మిదింటికి అందరూ బోర్డు ముందు నిలబడ్డారు. గోవర్ధనరావుగారు కూడా ఉన్నారు, కంపెనీకి పంపే కాగితం మీద సంతకం పెట్టాలని పొద్దున్నే వచ్చారు. శనివారం తప్పులు పైన రాసి ఉన్నాయి. వాటి కింద అచ్చు సంగతి చెరపకుండా అలాగే ఉంచారు.

మహేష్ చదవడం మొదలుపెట్టకముందే కనకరత్నం వరసలోంచి ముందుకొచ్చింది. 

"అచ్చు తోమింది నేను" అంది. "కుంకుడు రసం పెట్టి తోమాను. రూతు నన్ను నమ్మి తాళం ఇచ్చింది. ఆ పిల్లకి ఇందులో ఏమీ తెలీదు."

అరుస్తారనుకుంది, అయ్యో అంటారనుకుంది. వరసలో ఒక్కరు కూడా ఉలిక్కిపడలేదు. భవిత నేల చూసింది. మహేష్ మార్కరు మూత తీస్తూ, పెడుతూ నిలబడ్డాడు.

కనకరత్నం అందరి మొహాలూ ఒకసారి చూసి, "మీకు తెలుసా?" అంది.

మహేష్ టీవీ వైపు చూశాడు. "ఫొటో పెద్దది చేసినప్పుడే తెలిసిందండి. చెవి పట్టుకుని కుడిచేత్తో తోమితే గీతలు ఇటు వంపు తిరగాలి. అవి అటు తిరిగి ఉన్నాయి. ఇక్కడ ఎడంచేతి వాటం మీదొక్కరిదే కదండీ."

"సార్‌కి కూడా చెప్పావా?"

మహేష్ బదులు గోవర్ధనరావుగారే అన్నారు. "తెలుసమ్మా. నేనే ఊరుకోమన్నాను. కాగితంలో ఎవరో ఒకరి పేరు రాయాలి. ఆ అమ్మాయి చిన్నది, ఇంకోచోట ఇంకో పని దొరుకుతుంది. మీలాంటి చెయ్యి నాకెక్కడ దొరుకుతుంది? మీరే చెప్పండి."

ఐదు రోజులుగా తను ఒక్కతే దాచుకుని మోస్తున్నాననుకున్నది వీళ్ళందరూ కలిసి దాచారు. తను మొహం ఎక్కడ పెట్టుకోవాలా అని చూస్తుంటే, తన మొహం చూడలేక వీళ్ళు తిప్పుకున్నారు. భవిత గిన్నె మూత ఎందుకు తియ్యలేదో ఇప్పుడర్థమైంది. ఏళ్ళ తరబడి ఏ మాట విని వీధి చుట్టు తిరిగి వెళ్ళిందో, ఆ మాటే ఆ పిల్ల పని తీసేసింది. 

జేబులోంచి తాళం తీసి గోవర్ధనరావుగారి ముందున్న బల్ల మీద పెట్టింది. మహేష్ చేతిలోంచి మార్కరు తీసుకుంది. బోర్డు మీద రూతు పేరు గుడ్డతో తుడిచేసి, ఆ చోట ఎడమచేత్తో తన పేరు రాసింది. రాయడం పెద్దగా అలవాటు లేని చెయ్యి, అక్షరాలు ఒకటి పైకీ ఒకటి కిందకీ పోయాయి. అందరూ ఆ చేతినే చూస్తున్నారు.

"ఇదే కాగితంలో రాయండి సార్" అంది. "తర్వాత నన్ను ఉంచుతారో పొమ్మంటారో మీ ఇష్టం. మహేష్ బాబూ, ఆ పిల్లకి ఒకసారి ఫోను కలుపు. అందరికీ వినబడేలా పెట్టు."

మహేష్ ఓనరు వైపు చూశాడు. ఆయన వద్దనలేదు, ఊ అని కూడా అనలేదు. మహేష్ ఫోను బల్ల మీద తాళం పక్కన పెట్టి కలిపాడు. నాలుగుసార్లు మోగాక రూతు ఎత్తింది. వెనక రొయ్యల షెడ్డు మోత, ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

"రూతూ, నేనమ్మా. అందరి ముందూ చెప్పేశాను. ఓనరుగారు కూడా ఇక్కడే ఉన్నారు. తోమింది నేనని చెప్పాను."



"ఒక్క నిమిషం ఉండండి పిన్నీ" అంది రూతు. తర్వాత ఫోను దూరం పెట్టి, "అమ్మా, ఆ బుట్ట అక్కడ పెట్టి ఇలా రా" అని పిలవడం వినిపించింది. దగ్గరికి వస్తున్న అన్నమ్మ "ఎవరే? పిన్నిగారా?" అంటోంది, ఆ గొంతులో ఎంత సంతోషమో.

"ఇప్పుడు చెప్పండి" అంది రూతు. "అమ్మ వింటోంది. మళ్ళీ మొదట్నుంచీ చెప్పండి."

కనకరత్నం బల్ల అంచు పట్టుకుని ఫోను మీదకి వంగింది.

"అన్నమ్మగారూ" అంది. "నిన్న మీ ఇంట్లో టీ తాగి కూడా మీకు చెప్పకుండా వచ్చేశానండి."